తప్పు కనిపించిన చోటు, తప్పు మొదలైన చోటు: భిన్నాల దగ్గర ఆగిపోయిన ఇద్దరి కేస్ స్టడీ

ఈ కేస్ స్టడీలో ఇద్దరు విద్యార్థులున్నారు. ఒకరు తొమ్మిదో తరగతి చదువుతున్న 14 ఏళ్ల అమ్మాయి. ఇంకొకరు 47 ఏళ్ల ఆవిడ. ఎన్నో ఏళ్లుగా ఆసుపత్రిలో రోగుల దగ్గర సహాయకురాలిగా పనిచేస్తున్నారు. పై కోర్సులో చేరాలంటే మందుల మోతాదు లెక్కల మీద పెట్టే పరీక్ష పాసవ్వాలి. అందుకోసం నా దగ్గరకొచ్చారు. వీళ్లిద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. వాళ్ల అనుమతితోనే, గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి రాస్తున్నాను.

అమ్మాయి గురించి ఇంట్లోవాళ్లు చెప్పింది, "ఆల్జీబ్రా అస్సలు రావడం లేదు" అని. ఆవిడ తన గురించి చెప్పుకున్నది, "చిన్నప్పటి నుంచీ నాకు లెక్కలు తలకెక్కవండీ" అని. కాగితాలు ముందు పెట్టుకుని చూస్తే రెండు మాటల్లోనూ నిజం లేదు. అమ్మాయికి ఆల్జీబ్రా వచ్చు. ఆవిడకు లెక్కలు తలకెక్కుతాయి. ఇద్దరికీ అడ్డం పడుతున్నవి భిన్నాలు. 2/5 అంటే పైనొక అంకె, కింద ఒక అంకె అనే తెలుసు. అదంతా కలిపి ఒకే సంఖ్య అని, దానికంటూ ఒక పరిమాణం ఉంటుందని గట్టిపడలేదు. లోటు ఒకటే. కానీ అది ఏర్పడిన దారులు వేరు, కాబట్టి సరిచేసిన దారులూ వేరయ్యాయి. ఒక్కరినే ఎదురుగా కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పడంలో అసలు పని ఆ దారి వెతకడమేనని నా నమ్మకం.

అమ్మాయి జవాబు పత్రం

కొత్తగా ఎవరు వచ్చినా వెంటనే పాఠం మొదలుపెట్టను. పాత పరీక్ష పేపర్లు, రఫ్ నోట్‌బుక్ తెమ్మంటాను. ఫెయిర్ నోట్స్ చూసి లాభం లేదు, అందులో ఉండేది బోర్డు మీద రాసిందే. ఆలోచన ఎటు పోయిందో తెలిసేది రఫ్‌లోనే.

అమ్మాయి తెచ్చిన పేపర్లో ఈ లెక్క ఉంది: ఎక్స్/2 + ఎక్స్/3 = 10. తను రాసిన మొదటి లైను 2ఎక్స్/5 = 10. రెండో లైను 2ఎక్స్ = 50. మూడోది ఎక్స్ = 25. మొత్తం మీద ఒక ఎర్ర గీత, పక్కన సున్నా. కానీ మొదటి లైను తీసేసి మిగతాది చూడండి. హారాన్ని అవతలి వైపు గుణకంగా పంపింది, రెండుతో భాగించింది. ఆల్జీబ్రా అంతా సరిగ్గా ఉంది. అదే పేపర్లో 3ఎక్స్ + 5 = 20కి 5 అనీ, 4(ఎక్స్ − 2) = 20కి 7 అనీ తప్పు లేకుండా చేసింది. బ్రాకెట్ విప్పడం, పదాలను అటు నుంచి ఇటు తేవడం, గుర్తు మార్చడం అన్నీ వచ్చు. భిన్నం ఉన్న ప్రతి సమీకరణం మాత్రం పోయింది. తొమ్మిదో తరగతిలో భిన్నం లేని సమీకరణాలు తక్కువ కాబట్టి మార్కులు పోతున్నాయి, "ఆల్జీబ్రా వీక్" అని పేరు పడిపోయింది. ఆ పేరును తనూ నమ్మేసింది.

1/2 + 1/3 ఎంత అని అడిగాను. "2/5" అంది. క్షణం కూడా ఆలోచించలేదు.

"ఎలా వచ్చిందో చెప్పమ్మా" అన్నాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ ప్రశ్న నేను సరైన జవాబుకు కూడా అడుగుతాను. తప్పు చేసినప్పుడే "ఎలా?" అంటే, ఆ మాట వినగానే పిల్లలు జవాబు చెరిపేస్తారు. చెరిపేస్తే నాకు తెలియాల్సింది తెలియకుండా పోతుంది.

తను చెప్పిన కారణం ఇది. "మార్కులు కలిపినట్టే కదా మేడమ్. ఒక టెస్ట్‌లో 10కి 7, ఇంకో టెస్ట్‌లో 20కి 12 వస్తే మొత్తం 30కి 19."

చాలా మంచి కారణం. మార్కుల విషయంలో అది అక్షరాలా నిజం కూడా. 10కి 7, 20కి 12 కలిపితే 30కి 19 అనే అంటాం. అక్కడ టెస్టులు రెండు, కాబట్టి మొత్తాలు కూడా రెండు. వాటిని కలిపితే మొత్తమూ పెరుగుతుంది. 1/2 + 1/3 అన్నప్పుడు మాత్రం సగం, మూడో వంతు రెండూ ఒకే మొత్తంలోవి. ఆ తేడా ఎవరూ తనతో మాట్లాడలేదు. తను అడ్డదిడ్డంగా రాయలేదు, ఒకచోట పనిచేసే పద్ధతిని పనిచేయని చోటికి తెచ్చింది.

ఇక్కడ "క.సా.గు. తీయడం మర్చిపోయావు" అని ఒక్క మాట అనేసి ముందుకు వెళ్లిపోవడం చాలా తేలిక. ఆ రోజు పది లెక్కలు సరిగ్గా చేసి చూపించేది కూడా. కానీ తన పాత నోట్‌బుక్‌లో క.సా.గు. తీసి చేసిన భిన్నాల లెక్కలు పేజీలకు పేజీలున్నాయి, అన్నీ టిక్కులే. అంటే ఆ పద్ధతి తనకు తెలియక కాదు. మార్కుల పద్ధతి, క.సా.గు. పద్ధతి రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అధ్యాయం పేరు "భిన్నాలు" అని ఉంటే క.సా.గు. బయటికొస్తుంది, సమీకరణం మధ్యలో భిన్నం తగిలితే మార్కుల పద్ధతి వస్తుంది. మార్కుల పద్ధతిని పట్టించుకోకుండా క.సా.గు.ను ఎన్నిసార్లు రుద్దినా పరీక్ష హాల్లో ఏది ముందు గుర్తొస్తుందో చెప్పలేం.

రెండు జవాబులు ఎదురుపడినప్పుడు

తర్వాత నేను తరచూ వాడే ఒక ప్రశ్న ఇచ్చాను. 12/13 + 7/8 సుమారుగా ఎంత? కచ్చితంగా చేయొద్దు, అంచనా చాలు. ఎంచుకోవడానికి నాలుగు జవాబులు: 1, 2, 19, 21. ఇది నేను తయారుచేసింది కాదు. అమెరికాలో 1978లో జాతీయ స్థాయి పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు ఇచ్చిన ప్రశ్న. 2 అని సరిగ్గా చెప్పినవాళ్లు 24 శాతం. 19 లేదా 21 ఎంచుకున్నవాళ్లు సగానికి పైగా. పైవి కలిపితే 19, కిందవి కలిపితే 21. భిన్నాన్ని ఒక సంఖ్యగా చూడకపోతే జవాబు అటే పోతుంది.

అమ్మాయి 19 అనలేదు, 21 అనలేదు. 1 అంది. ఎలా అంటే, "19/21 వస్తుంది మేడమ్, అది దాదాపు ఒకటి" అంది.

నాకు ఆ రోజు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఈ జవాబే. 19/21 ఒకటికి దగ్గర అని తనకు తెలుసు. పరిమాణం మీద పట్టు ఉంది. కాకపోతే లెక్క అయిపోయాక దాన్ని వాడుతోంది, లెక్క చేసేటప్పుడు వాడటం లేదు. ఈ పట్టు లేని పిల్లలతో అయితే ఇంకా వెనక్కి వెళ్లాలి, ఇంకో దారి పట్టాలి. ఈ అమ్మాయితో అంత దూరం వెళ్లక్కర్లేదు.

"12/13 ఒక్కటే తీసుకుంటే దేనికి దగ్గర?" అన్నాను. "ఒకటికి." "7/8?" "అదీ ఒకటికే."

ఇంకేమీ అనకుండా ఊరుకున్నాను. ఊరుకోవడమే ఈ పనిలో కష్టం. ఎదుటివాళ్లు మాట్లాడకపోతే మనమే సాయం చేసేయాలనిపిస్తుంది. 1970లలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. ఆ ఆగడాన్ని 3 సెకన్లకో, ఇంకొంచెం పైకో పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, జవాబే చెప్పకుండా ఉండిపోయేవాళ్లు తగ్గారు, తమంతట తాము అడిగే ప్రశ్నలు పెరిగాయి. నా దగ్గర కూర్చున్నది ఒక్కరే కాబట్టి నేను అంతకంటే ఎక్కువే ఆగగలను. ఓపిక అంటే మెత్తగా మాట్లాడటం ఒక్కటే కాదు. ఎదుటి మనిషి ఆలోచిస్తుంటే మధ్యలో దూరకుండా ఉండటం కూడా.

అమ్మాయి కాగితం వైపు చూస్తూ ఉంది. కాసేపటికి, "అయితే రెండు రావాలి కదా?" అంది. వెంటనే, "మరి 19/21 ఎలా వచ్చింది? రెండూ కరెక్ట్ ఎలా అవుతాయి?" అంది. ఈ ప్రశ్న తన నోట రావాలని చూస్తున్నాను. నేనే "నీ పద్ధతి తప్పు" అని చెబితే తను వినేది, తలూపేది. ఇప్పుడు తన రెండు జవాబులు ఒకదానికొకటి పొసగడం లేదని తనే పట్టుకుంది. ఇక క.సా.గు. ఎందుకో వినడానికి తనకే ఒక అవసరం ఏర్పడింది.

కాగితం పట్టీలు

ఒకే పొడవున్న కాగితం పట్టీలు కత్తిరించుకున్నాం. ఒకటి సగానికి మడిచింది. ఇంకొకటి మూడు భాగాలుగా మడవడానికి చాలాసేపు కుస్తీ పట్టింది. మడతలు సమానంగా రాకపోతే మళ్లీ విప్పి మడిచింది. నేను మడిచి ఇవ్వలేదు. మూడు సమభాగాలు ఎంత కచ్చితంగా ఉండాలో ఆ విప్పి మడవడంలోనే తెలుస్తుంది. పెన్సిల్ విషయంలోనూ ఇదే నియమం. క్లాసు జరుగుతున్నంతసేపూ పెన్సిల్ విద్యార్థి చేతిలోనే ఉండాలి.

సగం ముక్క పక్కన మూడో వంతు ముక్క పెట్టి, "ఈ రెండూ కలిపి ఎంత?" అన్నాను. పట్టీ కంటే కొంచెం తక్కువ అని కనిపిస్తోంది, కానీ ఎంతో చెప్పడానికి సరిపడా కొలత లేదు. సగాలతో కొలిస్తే కుదరదు, మూడో వంతులతో కొలిస్తే కుదరదు. ఆరు భాగాలుగా మడిచిన పట్టీ పక్కన పెట్టింది. సగంలో మూడు, మూడో వంతులో రెండు సరిగ్గా పట్టాయి. మొత్తం ఐదు. క.సా.గు. అన్నది రెండింటినీ కొలవగలిగే కొలత అని అప్పుడు అర్థమైంది. ఆ మాట ఎన్నో ఏళ్లుగా వింటూనే ఉంది, అది చేసే పని చూసింది మాత్రం అప్పుడే.

ఆ తర్వాత సంఖ్యారేఖ గీసి అన్నీ దాని మీదికి మార్చాం. వలయాలు గీసి ముక్కలు రంగు వేయించే పద్ధతి నేను తక్కువ వాడతాను. 7/4 లాంటివి వచ్చేసరికి ఒక వలయం సరిపోదు. పైగా ఎంతసేపూ ముక్కలే కనిపిస్తాయి తప్ప సంఖ్య కనిపించదు. సంఖ్యారేఖ మీద 7/4కి కూడా 2కి, 3కి ఉన్నట్టే ఒక స్థానం ఉంటుంది. 1/3, 1/2, 5/6 గుర్తులు పెట్టాక, పాత జవాబు 2/5ను కూడా అదే రేఖ మీద పెట్టమన్నాను. అది సగానికి ఎడమ వైపు పడింది. "సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గిందేంటి?" అంది.

ఆ రోజు నుంచి ఒకే ఒక అలవాటు పెట్టుకున్నాం. ఏ లెక్కకైనా ముందు కాగితం మూల సుమారు జవాబు రాయాలి, తర్వాతే లెక్క మొదలుపెట్టాలి. చివర్లో రెండూ పోల్చుకోవాలి. సమీకరణమైతే వచ్చిన విలువను మళ్లీ లెక్కలో వేసి చూడాలి. ఎక్స్ 25 అయితే దాని సగం ఒక్కటే 12.5, పదిని అప్పుడే దాటిపోయింది. ఈ ఒక్క పరిశీలన చాలు ఆ జవాబు నిలవదని తెలియడానికి.

కొన్ని వారాల తర్వాత ఎక్స్/2 + ఎక్స్/3 = 10 మళ్లీ ఇచ్చాను. తను చేసిన తీరు నేను అనుకున్నది కాదు. "ఎక్స్‌లో ఆరో వంతులు మూడు, ఇంకో రెండు, మొత్తం ఐదు. ఐదు ఆరో వంతులు 10 అంటే ఒక ఆరో వంతు 2. అంటే ఎక్స్ 12" అని నోటితోనే చెప్పేసింది. 6, 4 కలిపితే 10 అని సరిచూసుకుంది కూడా. పరీక్షలో లైన్లు రాయాలి కాబట్టి ఆ తర్వాత 5ఎక్స్/6 = 10 అని రాసే పద్ధతి సాధన చేశాం.

మార్కుల లెక్కను మాత్రం వదిలేయలేదు. దాన్ని తుడిచేస్తే పక్కదారిన మళ్లీ వస్తుంది. ఒక పేజీని రెండుగా విడగొట్టి, ఒక వైపు "మొత్తం ఒకటే", ఇంకో వైపు "మొత్తాలు వేరు" అని రాసి, రకరకాల ప్రశ్నలను తననే అటూ ఇటూ వేయమన్నాను. తర్వాత తనే ప్రశ్నలు తయారుచేసింది. సగటులు, నిష్పత్తులు, సంభావ్యత వచ్చినప్పుడు ఈ తేడా మళ్లీ మళ్లీ కావాలి.

ఇంట్లోవాళ్లతో ఒక సంభాషణ జరగాల్సి వచ్చింది. పరీక్షలు దగ్గరపడుతుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి కాగితాలు మడుచుకుంటూ కూర్చుందేమిటన్నది వాళ్ల టెన్షన్. ఆ టెన్షన్ న్యాయమైనదే. క్లాసును సగం సగం చేశాను. ఒక సగం స్కూల్లో నడుస్తున్న అధ్యాయం, ఒక సగం భిన్నాలు. రెండో సగం ఎందుకు వదలలేనో కూడా చెప్పాను. రాబర్ట్ సీగ్లర్ బృందం 2012లో అమెరికా, బ్రిటన్ పిల్లల సమాచారం పరిశీలించి, పదేళ్ల వయసులో భిన్నాలు, భాగహారం ఎంత బాగా వచ్చన్నదాన్ని బట్టి ఐదారేళ్ల తర్వాత హైస్కూలు గణితం ఎలా ఉంటుందో చాలావరకు చెప్పవచ్చని చూపించింది. తెలివితేటలు, ఇంటి పరిస్థితులు వంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం నిలిచింది. ఆల్జీబ్రా కోసమే భిన్నాలు చేస్తున్నామని అర్థమయ్యాక వాళ్లు ఊరటపడ్డారు.

ఆవిడ అరచేయి

ఆవిడ విషయంలో మొదట కనిపించింది లెక్క కాదు, అరచేయి. రాస్తున్నంతసేపూ ఎడమ అరచేయి కాగితం మీద కప్పి ఉంచేవారు. జవాబు మాత్రం నోటితో చెప్పేవారు. తప్పైతే అప్పటికే కాగితం మడిచేసి ఉండేవారు. "మీ ముందు రాయాలంటే చేయి ఆడట్లేదండీ" అన్నారు.

లెక్కల భయం గురించి జరిగిన పరిశోధనల్లో మార్క్ యాష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కర్క్ 2001లో ప్రచురించింది నాకు బాగా పనికొచ్చింది. భయం ఎక్కువగా ఉన్నవాళ్లకు లెక్క చేస్తున్న సమయంలో తాత్కాలికంగా గుర్తుపెట్టుకునే సామర్థ్యం తగ్గుతుంది. చేతికి మిగిలిన అంకెలు, మధ్యలో వచ్చిన జవాబులు జారిపోతాయి. తెలిసిన లెక్క కూడా తప్పుతుంది. కాబట్టి "భయపడకండి" అని ఎంత చెప్పినా ప్రయోజనం తక్కువ. మనసులో మోయాల్సిన బరువు తగ్గించాలి, అంటే మధ్యలో వచ్చే ప్రతిదీ కాగితం మీద పెట్టించాలి. ఆవిడ సరిగ్గా అదే చేయలేకపోతున్నారు.

అందుకని ఆవిడ చేత లెక్కలు చేయించడం కొన్నాళ్లు ఆపాను. నేనే కావాలని తప్పులతో చేసిన లెక్కలు ఇచ్చి, "వీటిలో తప్పెక్కడుందో చూడండి" అన్నాను. ఎర్ర పెన్ను ఆవిడ చేతికి వచ్చింది. అరచేయి కాగితం మీద నుంచి తొలగింది. ఒక లెక్కలో దశాంశ బిందువు ఒక స్థానం జరిపి మోతాదు పది రెట్లు చేసి పెట్టాను. కాగితం అందుకున్న వెంటనే, "ఇంత మందు ఎవరికీ ఇవ్వరండీ" అన్నారు. లెక్క చూడనే లేదు, మోతాదు చూసి చెప్పేశారు. అమ్మాయి అలవాటు చేసుకోవాల్సి వచ్చిన అంచనా ఈవిడ దగ్గర ఏళ్ల తరబడి పనిలో పండి ఉంది. దాన్ని లెక్కతో కలపడమే మిగిలింది.

0.25, 0.5లలో ఏది పెద్దది అంటే 0.25 అన్నారు, 25 పెద్దది కదా అని. పావు మాత్ర, అర మాత్ర ఎదురుగా పెడితే కలలో కూడా పొరబడరు. పావు పక్కన 0.25 అని, అర పక్కన 0.5 అని రాసుకుంటూ వెళ్లాం. ఆవిడకు కాగితం పట్టీలు అక్కర్లేకపోయాయి, ఇచ్చి ఉంటే చిన్నపిల్లలా చూస్తున్నానని నొచ్చుకునేవారేమో కూడా. ఆసుపత్రిలో .5 అని రాయకుండా ముందు సున్నా పెట్టి 0.5 అనే రాయాలనీ, 5ని 5.0 అని రాయకూడదనీ ఆవిడకు ముందే తెలుసు. బిందువు కనబడకపోతే .5 కాస్తా 5 అవుతుంది, 5.0 కాస్తా 50 అవుతుంది. నియమంగా తెలిసినదానికి స్థానవిలువ కారణమని చెప్పినప్పుడు ఆవిడ ముఖం వెలిగింది. పెద్దవాళ్లకు చెప్పేటప్పుడు నేను గమనించిన సంగతి ఇది. ఎందుకన్నది తెలిస్తే వాళ్లు చాలా వేగంగా సాగుతారు. పిల్లలు ఎందుకో తెలియకపోయినా కొంత దూరం వస్తారు, పెద్దవాళ్లు రారు.

మోతాదు సూత్రం ఆవిడకు కంఠతా వచ్చు. కావలసిన మందును ఉన్న మందుతో భాగించి పరిమాణంతో గుణించాలి. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు ఉన్న మందు నుంచి 150 మిల్లీగ్రాములు ఇవ్వాలి, ఎన్ని మిల్లీలీటర్లు? ఒకసారి 6 అని వచ్చేది, ఇంకోసారి పైది కింద, కిందది పైన పడి 4.2 దగ్గర వచ్చేది. రెండూ ఒకే ధీమాతో చెప్పేవారు. "125 కంటే ఎక్కువ కావాలి కదండీ, మరి 5 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ తీయాలా, తక్కువ తీయాలా?" అని అడిగాను. "ఎక్కువే... అయ్యో, తగ్గిపోయిందే" అన్నారు. ఆ తర్వాత సూత్రం పక్కన పెట్టి, ఒక మిల్లీలీటరులో 25 ఉంటే 150కి ఎన్ని కావాలి అని చేశాం. సూత్రాన్ని తీసేయలేదు. పరీక్షలో అదే వేగం. కానీ దాన్ని తిరగేశారో లేదో తేల్చుకోవడానికి ఒక ఆధారం దొరికింది.

ఆవిడ రాతలో ఇంకో లోటు ఉంది, అది అమ్మాయిలో లేదు. 8 + 4 = □ + 5 ఇస్తే అమ్మాయి 7 రాసింది, ఆవిడ 12 రాశారు. ఇది చాలామంది తడబడే ప్రశ్న. 1999లో ప్రచురితమైన ఒక పరిశీలనలో ఇలాంటి ప్రశ్నకు 145 మంది ఆరో తరగతి పిల్లలూ 12 అనో, 17 అనో రాశారు. సమాన గుర్తు కనిపిస్తే "ఇక జవాబు రాయి" అని చదువుకోవడమే కారణం. ఆవిడ 150 ÷ 125 = 1.2 × 5 = 6 అని ఒకే లైనులో రాసేవారు. జవాబు సరైనదే. కానీ 150 ÷ 125, 6 సమానం కావు. జవాబు వచ్చింది కదా అని వదిలేస్తే 125/5 = 150/ఎక్స్ లాంటి లైను ఎదురైనప్పుడు అదేమంటోందో చదవలేరు. చదవలేకపోతున్నారు కూడా. అందుకని "ఇటు ఎంత ఉందో అటూ అంతే ఉంది" అని గట్టిగా చదువుతూ, ఒక్కో మెట్టు ఒక్కో లైనులో రాయడం మొదలుపెట్టాం.

భాగహారం దగ్గర 5 ÷ 1/2 ఎంత అంటే 2.5 అన్నారు. "భాగిస్తే తగ్గాలి కదండీ." ప్రశ్న మార్చాను. సీసాలో 5 మిల్లీలీటర్లు ఉంది, ఒక్కో మోతాదు అర మిల్లీలీటరు, ఎన్ని మోతాదులు వస్తాయి? "పది" అన్నారు టక్కున. దాన్నే భాగహారంగా రాయమంటే 5 ÷ 0.5 = 10 అని రాసి పెన్ను పట్టుకుని ఉండిపోయారు. అప్పుడు ఆవిడే అడిగారు, "తిరగేసి గుణించమని బళ్లో చెప్పేవారు, అది ఇదేనా?" అని. ఒకటిలో అరలు రెండు, ఐదులో పది. అందుకే రెండుతో గుణకారం. ముప్పావుతో భాగించాలంటే ఒకటిలో పావులు నాలుగు, వాటిని మూడేసి చొప్పున కట్టాలి, కాబట్టి 4/3. ఇది ఆవిడే చెప్పుకుంటూ వచ్చారు.

వేగం ఒక్కటే చాలదు

"ఎవరి వేగానికి తగ్గట్టు వాళ్లకు చెప్పడం" అనే మాట ట్యూషన్ల గురించి ఎక్కువగా వినిపిస్తుంది. వేగం ముఖ్యమే, కానీ వేగం ఒక్కటే చూస్తే ఏమవుతుందో చెప్పే ప్రసిద్ధమైన కేసు ఒకటుంది. 1973లో స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ రాసింది. అందులో బెన్నీ అని పిలిచే 12 ఏళ్ల అబ్బాయి ఎవరికి వారుగా తమ వేగంతో చదువుకునే ఒక గణిత కార్యక్రమంలో రెండో తరగతి నుంచీ ఉన్నాడు. టెస్టులు పాసవుతూ బాగా ముందుకెళ్తున్నాడని టీచర్ నమ్మకం. కూర్చోబెట్టి మాట్లాడితే 2/10ని దశాంశంలో 1.2 అన్నాడు. పైదీ కిందదీ కలిపి 12 చేసి మధ్యలో బిందువు పెట్టడం అతని పద్ధతి. గణితమంటే ఎవరో కనిపెట్టిన రకరకాల నియమాల కుప్ప అని అనుకునేవాడు. వేగం అతనిదే, పేపర్లూ అతనివే. అతని ఆలోచన మాత్రం అన్నాళ్లూ ఎవరూ వినలేదు.

ఒక్కరికే చెప్పడం వల్ల లాభం గురించి 1984లో బెంజమిన్ బ్లూమ్ రాసిన వ్యాసాన్ని ట్యూషన్ ప్రకటనల్లో తరచూ వాడుకుంటారు. మామూలు తరగతితో పోలిస్తే రెండు ప్రామాణిక విచలనాల మేలు అని ఆయన చెప్పారు. ప్రామాణిక విచలనం అంటే మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. అది చాలా పెద్ద తేడా. తర్వాత వచ్చిన పరిశోధనల్లో అంత కనిపించలేదు. 2011లో కర్ట్ వాన్‌లేన్ ఎన్నో అధ్యయనాలు కలిపి చూస్తే అదే కొలతలో 0.79 వచ్చింది. ఇదీ చిన్నదేం కాదు. ఆయన చూపించిన ఇంకో సంగతి నాకు మరీ ముఖ్యం అనిపిస్తుంది. చివరి జవాబుకు బదులు ప్రతి మెట్టునూ చూసి స్పందించే కంప్యూటర్ ప్రోగ్రాములు 0.76తో మనుషులకు దాదాపు సమానంగా నిలిచాయి. పక్కన మనిషి కూర్చున్నంత మాత్రాన మేలు జరగదు. మెట్టు మెట్టునా చూస్తేనే జరుగుతుంది. మెట్లు చూడకుండా జవాబులకు టిక్కులు పెట్టే ట్యూటర్ దగ్గర ఒక్కరే కూర్చున్నా, నలభై మందితో కూర్చున్నా ఒకటేనని నా అభిప్రాయం.

సాధన పేపర్ల గురించి క్లుప్తంగా చెబుతాను. ఒకే రకం లెక్కలు వరసగా ఇవ్వను, కలిపి ఇస్తాను. పాతవి కొన్ని రోజుల ఎడంతో మళ్లీ వస్తాయి. మొదట్లో టైమర్ పెట్టను. ఆవిడ పరీక్షకు సమయం పరిమితి ఉంది కాబట్టి, తప్పులు తగ్గి, రాత నిలకడగా వచ్చాక మాత్రమే గడియారం ఎదురుగా పెట్టాం. ముందే పెట్టి ఉంటే అరచేయి మళ్లీ కాగితం మీదికి వచ్చేది.

ఇప్పటి పరిస్థితి

ఆవిడ పరీక్ష పాసయ్యారు, కోర్సులో చేరారు. లెక్క ఎదురుగా ఎవరున్నా రాస్తారు. కొత్త ప్రమాణాలు వచ్చినప్పుడు ఇంకా తడబాటు ఉంది. 0.125 మిల్లీగ్రాములను మైక్రోగ్రాముల్లోకి మార్చాలంటే వెయ్యితో గుణించాలా, భాగించాలా అన్నచోట ఆగుతారు. చిన్న ప్రమాణంలోకి వెళ్తే అంకె పెద్దదవుతుందా, చిన్నదవుతుందా అన్నది ముందు రాసి, తర్వాత 125 అని వేస్తున్నారు. కోర్సు నడుస్తున్నంతకాలం అప్పుడప్పుడు వస్తానన్నారు.

అమ్మాయి భిన్నాలున్న సమీకరణాలు నమ్మకంగా చేస్తోంది. స్కూల్లో మార్కులు పెరిగాయి, కానీ అనుకున్నంత పెరగలేదు. పద సమస్యలు చదివి సమీకరణం రాయడం ఇంకా నెమ్మదిగానే ఉంది. భిన్నం గీత పైన బ్రాకెట్ లేకుండా ఎక్స్ − 3, కింద 2, ముందు మైనస్ ఉన్న చోట ఆ మైనస్‌ను మొదటి పదానికే ఇచ్చి −ఎక్స్ − 3 అని రాసేస్తోంది. భిన్నం గీత బ్రాకెట్ పని కూడా చేస్తుందన్నది ఇంకా స్థిరపడలేదు. పైనున్న పదాలకు ప్రతిసారీ బ్రాకెట్ గీసుకోమని చెప్పాను, గీసుకుంటోంది. తర్వాతి అధ్యాయం సరళరేఖల గ్రాఫులు. వాలు 2/3 అంటే రెండు పైకి, మూడు పక్కకి అని రెండు అంకెలుగా చదివే ప్రమాదం అక్కడ మళ్లీ ఉంది. అందుకని 2/3, 4/6, 3/4 వాలులున్న గీతలు గ్రాఫ్ కాగితం మీద ఒకే బిందువు నుంచి గీయించి, ఏవి ఒకదానిమీద ఒకటి పడ్డాయో, ఏది నిటారుగా లేచిందో చూడమనడంతో మొదలుపెడుతున్నాను.